పసుపు కొమ్ముల్లో సీసం దొరికిన కథ

సీసం ఎక్కడుంటుందో డాక్టర్లకు బాగా తెలుసు. పాత బ్యాటరీలు కరిగించే కొలిమి దగ్గర, రంగుల ఫ్యాక్టరీ పక్కన, ఒకప్పుడైతే బస్సుల పొగ కమ్ముకున్న కూడళ్లలో. అందుకే బంగ్లాదేశ్ పల్లెల్లో గర్భిణుల రక్తం పరీక్షించినప్పుడు వచ్చిన అంకెలు పరిశోధకులకు కొరుకుడు పడలేదు. 2018లో వెలువడిన ఆ అధ్యయనంలో 430 మందిని పరీక్షిస్తే 132 మందిలో డెసిలీటరు రక్తానికి 5 మైక్రోగ్రాములకు మించి సీసం ఉంది. ప్రతి పదిమందిలో ముగ్గురన్నమాట. వీళ్లవి వరిపొలాల మధ్య ఉన్న ఊళ్లు. దగ్గరలో కొలిమి లేదు, ఫ్యాక్టరీ లేదు. సీసం కలిపిన పెట్రోలును ఆ దేశం 1999లోనే మానేసింది. మరి ఈ తల్లుల ఒంట్లోకి అది ఏ దారిన వచ్చినట్టు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన తీరు, జవాబు దొరికాక జరిగిన పని, రెండూ మన తెలుగువాళ్లు వివరంగా తెలుసుకోవలసినవి. ఎందుకంటే జవాబు మన వంటింటి పోపులపెట్టెలోనే ఉంది.

ముందు సీసం సంగతి. మన శరీరం సీసాన్ని చూసి కాల్షియం అనుకుంటుంది. కాల్షియానికి తెరిచే తలుపులన్నీ దానికీ తెరుస్తుంది. అలా మెదడులోకి పోతుంది, ఎముకల్లో చేరుతుంది. ఎముకల్లో చేరినది పదుల ఏళ్లు అక్కడే ఉండిపోతుంది. ఆడపిల్ల పెరిగి పెద్దదై కడుపుతో ఉన్నప్పుడు, లోపలి బిడ్డకు ఎముకలు కట్టడం కోసం తల్లి ఎముకల నుంచి కాల్షియం కరిగి రక్తంలోకి వస్తుంది. దాని వెంట చిన్ననాటి సీసం కూడా వస్తుంది. మాయ దాన్ని ఆపలేదు. మెదడు ఎదిగే వయసులో సీసం తగిలిన పిల్లలకు తెలివితేటలు తగ్గుతాయి, ఏకాగ్రత కుదరదు, చదువు వెనకబడుతుంది. అలా పోయినది మళ్లీ రాదు. ఇంతవరకు ఫర్వాలేదు అనదగ్గ మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది.

పైకి మాత్రం ఏమీ కనిపించదు. పిల్లవాడికి పాఠం ఎక్కడం లేదని మాస్టారు కసురుకుంటారు. కడుపునొప్పి అంటే అమ్మ కాస్త వాము నమలమంటుంది. రక్తం తీసి కొలిస్తే తప్ప అది సీసం పని అని ఎవరూ పోల్చుకోలేరు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో 5 మైక్రోగ్రాములు, లేదా అంతకు మించి సీసం ఉందని 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు కలిసి లెక్క చెప్పాయి. మొత్తం 80 కోట్ల మంది. అందులో మనదేశం పిల్లలే సుమారు 27.5 కోట్లు. ఈ అంకె చదివాక కూడా మన జిల్లా ఆసుపత్రుల్లో సీసం పరీక్ష మామూలు పరీక్ష కాలేదంటే బాధగా ఉంటుంది.

ఢాకాలో కొలిచేవాళ్లు ఉన్నారు. అక్కడ ఐసీడీడీఆర్,బీ అనే పరిశోధన సంస్థ ఉంది. 1960లో కలరా ప్రయోగశాలగా మొదలైంది. 1968లో కలరా రోగులకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి బతికించవచ్చని నిరూపించిన ప్రయోగాలు దాని ఆసుపత్రిలోనే జరిగాయి. మనం ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి పిల్లలకు పట్టేది ఆ పుణ్యమే. ఊరూరా తిరిగి నమూనాలు తేవడం, ఇంట్లో ఆడవాళ్లతో కూర్చుని ఏం వండుతారో, ఎందులో దాస్తారో ఓపికగా అడిగి రాసుకోవడం అక్కడివాళ్లకు పదుల ఏళ్ల అలవాటు. దానికి తోడు 1990ల్లో గొట్టపు బావుల నీళ్లలో ఆర్సెనిక్ బయటపడింది. చరిత్రలో అంతమందికి ఒక్కసారిగా విషం సోకిన సందర్భం మరొకటి లేదన్నారు. ఆ కష్టం బంగ్లాదేశ్‌లో విషాలను కొలవగల ఒక తరాన్ని తయారుచేసింది.

మొదటి ఆధారం కూడా ఆర్సెనిక్ దారిలోనే దొరికింది. మున్షీగంజ్ జిల్లాలో ఆర్సెనిక్ ప్రభావం మీద పనిచేస్తున్న ఢాకా కమ్యూనిటీ హాస్పిటల్, హార్వర్డ్ పరిశోధకులు అక్కడి పసిపిల్లల రక్తంలో సీసం కూడా చూశారు. 78 శాతం మందిలో 5 మైక్రోగ్రాములు, ఆ పైన ఉంది. ఇళ్లలో మట్టి, నీళ్లు, బియ్యం, మసాలాలు అన్నీ చూస్తూ పసుపు దగ్గర ఆగిపోయారు. కొన్ని ఇళ్ల పసుపులో పదిలక్షల పాళ్లకు 483 పాళ్ల దాకా సీసం ఉంది. అప్పటికి ఆ దేశంలో పసుపుకు పెట్టిన హద్దు 2.5 పాళ్లు. 2014లో ఈ సంగతి అచ్చయింది. అయితే అది కొద్ది ఇళ్ల ముచ్చట. దేశమంతా ఇంతేనా, లేక ఆ ఊళ్ల దుకాణదారు సరుకే అంతా అన్నది తేలలేదు.

దాన్ని తేల్చినది జెన్నా ఫోర్సైత్. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ విద్యార్థిని. ఆమె గురువు స్టీఫెన్ లూబీ అంతకుముందు ఏళ్ల తరబడి ఢాకాలో ఐసీడీడీఆర్,బీలో పనిచేసి వచ్చినవాడు. కథలో పేరున్నది వీళ్లకే అయినా, ఊళ్లలో తిరిగిన కాళ్లు, బెంగాలీలో అడిగిన నోళ్లు ఎక్కువగా ఢాకావాళ్లవి. ఈ మాట పక్కకు పెట్టేస్తే కథ సగమే అర్థమవుతుంది.

వాళ్లు అనుమానితుల జాబితా రాసుకున్నారు. పొలంలో చల్లే పురుగుమందులు. తినుబండారాలు దాచుకునే డబ్బాల అతుకుల్లో సీసపు టంకం. బియ్యం, మట్టి, పసుపు. ఒక్కొక్కటీ తెచ్చి కొలిచారు. పురుగుమందుల మీద పెట్టుకున్న అనుమానం తేలిపోయింది. డబ్బాల్లో కొంత సీసం ఉంది. పసుపులో ఉంది. అయినా, వస్తువులో సీసం ఉండటం వేరు, ఈ తల్లి ఒంట్లో ఉన్నది అదే సీసం అని రుజువు చేయడం వేరు. ఇక్కడ భూమి పుట్టుక అక్కరకొచ్చింది. ప్రకృతిలో సీసం నాలుగు ఐసోటోపులుగా దొరుకుతుంది. వాటిలో మూడు యురేనియం, థోరియం కోట్ల ఏళ్లలో క్షీణించగా పుట్టుకొచ్చేవి. అందువల్ల ఒక్కో గని సీసంలో ఈ ఐసోటోపుల పాళ్లు ఒక్కో రకంగా ఉంటాయి. వేలిముద్ర లాంటిది. తల్లుల రక్తంలోని సీసం పాళ్లను, వాళ్ల ఇళ్లలో దొరికిన వాటి పాళ్లతో పోల్చి చూశారు. రక్తంలోని ముద్రకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది పసుపే. 2019లో ఈ ఫలితం ప్రకటించారు.

ఇక మిగిలింది పసుపులోకి సీసం ఎవరు తెచ్చారన్నది. చేను నుంచి వచ్చిందా, మరలోనా, సంతలోనా? పసుపు పండించే 9 ప్రధాన జిల్లాలు తిరిగారు. రైతులు, కొమ్ములు పాలిష్ పట్టేవాళ్లు, టోకు వ్యాపారులు, మిల్లుల వాళ్లు, వాడేవాళ్లు కలిపి 152 మందితో మాట్లాడారు. పసుపు, రంగుపొడి, మిల్లుల నేల మీద దుమ్ము, చేలల్లో మట్టి, అన్నీ సంచుల్లో కట్టుకొచ్చారు. మట్టిలో ఏమీ లేదు. పాలిష్ మిల్లుల దగ్గర దొరికింది.

పసుపు పనితనం తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. తవ్విన పసుపును ఉడకబెట్టి, కళ్లంలో ఎండబెట్టాక కొమ్ము పైన గరుకైన, మట్టిరంగు తోలు మిగులుతుంది. దాన్ని డ్రమ్ములో వేసి గుండ్రంగా తిప్పితే కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని తోలు ఊడిపోతుంది, లోపలి పచ్చదనం పైకి వస్తుంది. సరిగ్గా ఆ తిరిగే డ్రమ్ములోనే ఒక పసుపుపచ్చ రంగుపొడిని చల్లుతున్నారు. అక్కడ దాన్ని పేఉరి అంటారు. ముడతల్లోకి దూరి, కొమ్ముకు పట్టుకుని, నల్లబడ్డ సరుకును కూడా నిగనిగలాడిస్తుంది. పొడి కొట్టినప్పుడు మొత్తం పసుపులో కలిసిపోతుంది. ఆ పొడి అసలు పేరు లెడ్ క్రోమేట్. సీసం, క్రోమియం, ఆక్సిజన్ కలిసిన పదార్థం. పెయింట్లలో వాడే క్రోమ్ యెల్లో అదే. కలిసినది లెడ్ క్రోమేటేనని రుజువు ఆ కొలతల్లోనే ఉంది: సీసం ఎక్కువగా ఉన్న నమూనాల్లో సీసం పరమాణువులు, క్రోమియం పరమాణువులు ఇంచుమించు సమానంగా ఉన్నాయి. మట్టిలోంచో, గాలిలోంచో సీసం వచ్చి ఉంటే ఇలా జతకట్టి రాదు. ఒక నమూనాలో సీసం పదిలక్షల పాళ్లకు 1,152 పాళ్లు తేలింది. అప్పటి హద్దుకు 450 రెట్లకు పైగా. 9 జిల్లాల్లో 7 జిల్లాల సరుకులో కల్తీ ఆనవాళ్లు కనిపించాయి.

ఎప్పుడు మొదలైందని అడిగితే పెద్దవాళ్లు 1980ల చివరి వరదల మాట ఎత్తారు. 1988 వరదలో బంగ్లాదేశ్ చాలా భాగం మునిగింది. పసుపు ఎండే వీలు లేకపోయింది. తడిసి నల్లబడిన కొమ్ములను ఎవరు కొంటారు? రంగు వేసినవి అమ్ముడుపోయాయి. ఆ తర్వాత ఎండలు కాశాయి, పంట బాగా వచ్చింది, రంగు మాత్రం ఆగలేదు. ఆగకపోవడానికి కారణం కొనేవాడి కన్ను. పచ్చగా మెరిసే కొమ్ముకే ఎక్కువ ధర. రంగు వేయనివాడి సరుకు పక్కన పెడతారు. మంచి పసుపు పండించినవాడు కూడా రంగు చల్లిన సరుకుతో పోటీ పడలేక నష్టపోయాడు. ఒక వరదకు చేసుకున్న సర్దుబాటు 30 ఏళ్లు ఒక దేశం పిల్లల మెదళ్లను తినేసింది.

ఇంతవరకు చేసినది పరిశోధన. చాలా పరిశోధనలు ఇక్కడితో ఆగి, జర్నల్‌లో అచ్చయి, దుమ్ము పట్టిపోతాయి. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది తర్వాతి భాగం. 2019 సెప్టెంబరులో పేపరు బయటికి రాగానే బృందం దాన్ని బంగ్లాదేశ్ ఆహార భద్రత సంస్థ ముందు పెట్టింది. అప్పుడు ఆ సంస్థ అధ్యక్షురాలు సయ్యదా సర్వార్ జహాన్. ఆమె వెనకాడలేదు. విదేశీయులు మన సరుకును బద్నాం చేస్తున్నారని కసురుకోలేదు. బెంగాలీ పత్రికల్లో, టీవీల్లో వార్తలు వచ్చాయి. పసుపులో సీసం కలపడం నేరమని, అది తినేవాళ్లతో పాటు కలిపేవాళ్ల ఒంటికీ పడుతుందని చెప్పే సుమారు 50 వేల కరపత్రాలు సంతల్లో గోడలకు అంటించారు. దుమ్ము పీల్చేది మిల్లు కూలీలే కదా, వాళ్ల రక్తమూ పరీక్షించారు.

ఆ తర్వాత ఢాకాలో పెద్ద టోకు మార్కెట్ అయిన శ్యాంబజార్‌కు అధికారులు వెళ్లారు. చేతిలో పిస్తోలు ఆకారంలో ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం ఉంది. దాన్ని కొమ్ముల బస్తాకు ఆనించి మీట నొక్కితే ఎక్స్ కిరణాలు వెళ్లి తగులుతాయి. పరమాణువుల లోపలి కక్ష్యల్లోని ఎలక్ట్రాన్లు ఎగిరిపోతాయి. ఆ ఖాళీలు నిండేటప్పుడు ఒక్కో మూలకం తనకు మాత్రమే చెందిన శక్తితో కిరణాన్ని వెదజల్లుతుంది. యంత్రం దాన్ని చదివి సీసం ఎంత, క్రోమియం ఎంత అన్నది ఒకటి రెండు నిమిషాల్లో తెర మీద చూపిస్తుంది. మామూలుగా అయితే నమూనా తీసుకెళ్లి, ఆమ్లంలో కరిగించి, ప్రయోగశాల జవాబు కోసం వారాల తరబడి ఎదురుచూడాలి. ఈలోగా బస్తాలు ఏ ఊరికో చేరిపోతాయి. ఇక్కడ వ్యాపారి కళ్లముందే అంకె కనబడింది. ఇద్దరు టోకు వ్యాపారులకు కలిపి సుమారు 8 లక్షల టాకాల జరిమానా పడింది. అది టీవీల్లో వచ్చింది. దేశంలోని పసుపు వ్యాపారులందరికీ ఒక్క రోజులో కబురు చేరిపోయింది.

ఫలితం నమ్మడం కష్టం. 2019లో మార్కెట్ల నుంచి తెచ్చిన పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం ఉంది. 2020 మొదట్లో 5 శాతం. 2021లో ఒక్కదానిలోనూ లేదు. అంతకుముందు మిల్లుల్లో దాదాపు మూడో వంతు చోట్ల రంగు కలిపిన ఆనవాళ్లు దొరికేవి. అవీ పూర్తిగా పోయాయి. మిల్లు కూలీల రక్తంలో సీసం సగటున 30 శాతం తగ్గింది. 30 ఏళ్ల అలవాటు రెండేళ్లలో ఆగింది. ఇందుకు కొత్త చట్టం చేయలేదు, కొత్త మందు కనిపెట్టలేదు. ఎక్కడుందో తెలిసింది, తెలిసినవాళ్ల మాట విన్నారు, అందరికీ కనబడేలా ఆపారు. కష్టమంతా మొదటి మెట్టులోనే ఉంది. ఏళ్లు పట్టింది అక్కడే. కొలవగల మనుషులు ఆ దేశంలోనే ఉండటం వల్లనే ఆ మెట్టు ఎక్కగలిగారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఇదే బృందం 2020 డిసెంబరు నుంచి 2021 మార్చి వరకు భారత్, పాకిస్తాన్, శ్రీలంక, నేపాల్ దేశాల్లో 23 నగరాల నుంచి 356 పసుపు నమూనాలు సేకరించింది. 14 శాతంలో సీసం పదిలక్షలకు 2 పాళ్లు దాటింది. కరాచీ, పెషావర్, మన పాట్నా సరుకులో వెయ్యి పాళ్లు దాటింది. పాట్నాలో ఒక నమూనా 2,274 పాళ్లు చూపింది. మన ఆహార ప్రమాణాల ప్రకారం హద్దు 10. లెడ్ క్రోమేట్ అసలు ఉండకూడదని కూడా ఆ ప్రమాణాల్లోనే రాసి ఉంది. రాత సరిగానే ఉంది. కొలత ఎక్కడ?

ప్రపంచంలో పండే పసుపులో 70 శాతానికి పైగా మనదేశానిదే. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో మన నిజామాబాద్‌కే వచ్చింది. నిజామాబాద్ యార్డులో కాడి, గోళ రాశులు, దుగ్గిరాల యార్డులో కొమ్ములు, కాయ కుప్పలు చూసినవాళ్లకు తెలుసు, అక్కడ బేరం మొదట కంటితోనే జరుగుతుంది. మన సరుకు చెడ్డదని అనడం లేదు, అలా అనడానికి నా దగ్గర ఆధారమూ లేదు. మంచిదని చెప్పడానికి కూడా బస్తా బస్తాకూ అంకె ఉండాలి అంటున్నాను. బాలింత ఒంటికి, పసిపిల్ల పాలలోకి, గడపకు, గౌరమ్మకు, పప్పుకు, పులుసుకు ఒకే డబ్బాలోంచి తీసి వాడే జాతి మనది. మరో రాష్ట్రంలో తేలిన విషం మన రైలెక్కి రాదన్న భరోసా ఎవరిస్తారు?

కొలవలేకపోతే ఏమవుతుందో ఏలూరు చూసింది. 2020 డిసెంబరు 5 రాత్రి నుంచి మనుషులు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోసాగారు. నోటి వెంట నురగ, కొన్ని నిమిషాలు స్పృహ లేకపోవడం, తర్వాత తేరుకోవడం. కొద్దిరోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. రక్తం ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్లింది, అక్కడ సీసం, నికెల్ కనిపించాయన్నారు. కూరగాయలు, నీళ్లు హైదరాబాద్ సంస్థలకూ, పర్యావరణ పరిశోధన సంస్థ నీరీకీ వెళ్లాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని నిపుణులు చెప్పారు. అవి అంతమంది ఒంట్లోకి ఏ దారిన చేరాయన్నది తేలకుండానే కేసులు ఆగిపోయాయి, వార్తలూ ఆగిపోయాయి. పెద్ద సంస్థలన్నీ రంగంలోకి దిగాయి, అందులో లోపం లేదు. కానీ మొదటి రోగి వచ్చిన రాత్రే రక్తం, మూత్రం, తిన్న అన్నం, తాగిన నీళ్లు పద్ధతిగా తీసి భద్రపరచగల టాక్సికాలజీ విభాగం జిల్లాలోనే ఉంటే కథ వేరుగా ఉండేది.

మనకు ఆ చేవ లేదా అంటే, ఉంది. 1974 చివరలో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో కామెర్లతో 106 మంది చనిపోయారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అక్కడికి వెళ్లారు. వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న, ఆ బూజు వదిలిన అఫ్లటాక్సిన్, రెండూ కలిసి ఆ చావులకు కారణమని నిరూపించి, 1975లో లాన్సెట్‌లో ప్రకటించారు. ఇళ్లలో తిన్న మొక్కజొన్న కంకులు తెచ్చి కొలిచి చెప్పిన మాట అది. ఆహారంలోని విషాల మీద ఆ సంస్థలోనే ప్రత్యేక కేంద్రం కూడా పెట్టారు. యాభై ఏళ్ల కిందటే హైదరాబాద్ నుంచి వెళ్లి ఇంత పని చేయగలిగినప్పుడు, ఇవాళ నిజామాబాద్‌లో, గుంటూరులో, ఏలూరులో చేయలేకపోవడానికి కారణం లేదు.

అడగవలసినవి పెద్దవేమీ కావు. పసుపు బోర్డు, మార్కెటింగ్ శాఖలు కలిసి నిజామాబాద్, దుగ్గిరాల యార్డుల్లో ఒక్కొక్క ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం పెట్టాలి. దాని ఖరీదు కొన్ని లక్షలు, ఒక సీజన్ వ్యాపారం ముందు అది లెక్కలోకి రాదు. కొలిచిన అంకెలు యార్డు బోర్డు మీద ధరల పక్కనే రాయాలి. ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాలలో రక్తంలో సీసం పరీక్ష అందుబాటులో ఉండాలి, ముందుగా గర్భిణులకు, అయిదేళ్లలోపు పిల్లలకు. ఇంట్లో మీరు చేయగలిగినదీ ఒకటుంది. పసుపు కొమ్మును గ్లాసు నీళ్లలో వేసి చూడండి. మంచి కొమ్ము నీళ్లకు రంగు పట్టనివ్వదు, రంగు వేసినదైతే వెంటనే నీళ్లు పచ్చబడతాయి. ఇది పూర్తి రుజువు కాదు, అనుమానానికి ఆధారం మాత్రమే. నీళ్లు పచ్చబడితే ఆ సరుకు వాడకుండా ఆహార భద్రత అధికారికి అప్పగించండి. ఈసారి కొమ్ములు కొనేటప్పుడు మాత్రం అన్నిటికన్నా మెరిసేదాన్ని కాకుండా, కాస్త మట్టిరంగు మిగిలినదాన్ని అడిగి తీసుకోండి.